కసమ్ పరేడ్‌కి వెళ్తున్నారా? ఆదివారం ఫోన్ దగ్గర మొదలుపెట్టండి

మీ అబ్బాయో తమ్ముడో అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు, ట్రైనింగ్‌లో నెలలు గడిచాయి, ఒక ఆదివారం ఫోన్ చేసి "ఫలానా తారీఖున మా కసమ్ పరేడ్, మీరు రావాలి" అన్నాడు. ఇక ఇంట్లో ఒకటే హడావుడి. ఎవరెవరు వెళ్ళాలి, ఏ చీర కట్టుకోవాలి, సున్నుండలు ఎన్ని చుట్టాలి, అన్నీ మాట్లాడుకుంటారు కానీ వాణ్ణి అడగాల్సినవి మాత్రం ఎవరూ అడగరు. "సరిగ్గా తింటున్నావా, గొంతు అలా ఉందేంటి" అని అమ్మ అడుగుతుండగానే వాడి ఫోన్ టైమ్ అయిపోతుంది. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. మా తమ్ముడి పరేడ్‌కి వెళ్ళి, చేయగలిగిన తప్పులన్నీ చేసి వచ్చాక ఇది రాస్తున్నాను, మీరైనా కాస్త ప్రశాంతంగా వెళ్ళి రండి.

అసలు కసమ్ పరేడ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ట్రైనింగ్ పూర్తయిన రిక్రూట్లు జాతీయ జెండా ముందు, తమ తమ మత గ్రంథాల సాక్షిగా ప్రమాణం చేసి సైనికులయ్యే రోజు అది. పాసింగ్ అవుట్ పరేడ్ అని కూడా అంటారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ (అగ్నివీర్లని తీసుకునే పథకం) ప్రకటించాక సర్వీసు లెక్క నాలుగేళ్ళకి మారింది, ట్రైనింగ్ కూడా అందులోనే కలిసిపోయింది. హైదరాబాద్ ఆర్టిలరీ (ఫిరంగి దళం) ట్రైనింగ్ సెంటర్‌లో 2023 జనవరిలో మొదలైన తొలి బ్యాచ్‌కి 31 వారాలు పెట్టారు, 10 వారాలు బేసిక్, 21 వారాలు అడ్వాన్స్‌డ్. అంటే దాదాపు ఏడు నెలలు మీరు చూడని మనిషిని చూడబోతున్నారు. అది గుర్తుపెట్టుకోండి, తర్వాత దాని అవసరం వస్తుంది.

ముందు ఆదివారం ఫోన్

సెంటర్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మీకున్న దారి మీవాడొక్కడే. వాడికేమో ఫోన్ చేతికొచ్చేది వారానికి కాసేపు. కాబట్టి ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్ రాగానే అమ్మకి ఇచ్చేముందు మీరు తీసుకోండి (గొడవైనా పర్లేదు), గబగబా అడిగేసి, జవాబులు అదే కాగితం మీద రాసుకుని, అప్పుడు ఇవ్వండి.

తేదీ ఖాయమైందా, ఇంకా మారే అవకాశం ఉందా? ఎంతమందిని రానిస్తారు, మా పేర్లు ఇచ్చావా, ఆధార్‌లో ఉన్నట్టే ఇచ్చావా? ఏ గేటు దగ్గరికి రావాలి, ఎన్ని గంటలకల్లా? ఫోన్లు లోపలికి తేనిస్తారా? పరేడ్ అయ్యాక మాతో ఇంటికి పంపిస్తారా, లేక లోపలే కలిసి వచ్చేయాలా? ఇవి కాక ఇంకో రెండు ఉన్నాయి, అందరూ మర్చిపోయేవి అవే.

ఒకటి, వాడి నంబర్. ఆర్మీ నంబర్, పూర్తి పేరు, కంపెనీ, ప్లాటూన్. ఆర్టిలరీలో అయితే కంపెనీ బదులు బ్యాటరీ అంటారు. గేటు దగ్గర జవాను "ఎవరి తాలూకు?" అని హిందీలో అడిగితే మా నాన్న ఎంతో ధీమాగా "మా చిన్నోడండీ" అన్నారు. ఆ రోజు లోపల చిన్నోళ్ళు వందల్లో ఉన్నారు. వెనకాల వరస పెరుగుతోంది, నాకేమో తమ్ముడి నంబర్‌లో చివరి మూడంకెలే గుర్తున్నాయి. లిస్టులో పేరు దొరకడానికి అరగంట పట్టింది, ఎందుకంటే వాడి పేరుకి ముందుండాల్సిన ఇంటిపేరు అక్కడ చివర్లో ఉంది. ఇలాంటివి మనకి మామూలే, వాళ్ళకి కాదు. పేరు అక్షరం అక్షరం ఎలా నమోదైందో అడిగి రాసుకోండి.

రెండోది, పరేడ్‌లో వాడి స్థానం. ఎన్నో దళం, ఎన్నో వరస, కుడి నుంచి ఎన్నోవాడు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఏ సెంటరో సరిగ్గా తెలుసుకోండి

"మావాడు సికింద్రాబాద్‌లో ఉన్నాడు" అంటే సరిపోదు. ఒక్క సికింద్రాబాద్‌లోనే 1 ఈఎంఈ (ఆర్మీ ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల) సెంటర్ ఉంది, ఏఓసీ (ఆర్మీ ఆర్డ్నెన్స్ కోర్, అంటే ఆయుధాలూ సామానూ చూసే విభాగం) సెంటర్ ఉంది, ఆర్టిలరీ సెంటరేమో నగరానికి అటు చివర గోల్కొండ దగ్గర ఉంది. ఆటో ఎక్కి "మిలిటరీ ఏరియా" అంటే మెహదీపట్నంలో దింపినా దింపేస్తాడు, అక్కడా మిలిటరీ వాళ్ళే ఉంటారు మరి. సెంటర్ పూర్తి పేరు, గేటు పేరు, దగ్గర్లో ఒక గుర్తు, మూడూ ఉండాలి. వీలైతే ముందురోజు సాయంత్రం ఒకసారి గేటు దాకా వెళ్ళి చూసి రండి. లోపలికి కాదు, బయట రోడ్డు మీంచి, అదీ ఫోటోలు తీయకుండా.

దూరం వెళ్ళేవాళ్ళ సంగతి. మనవాళ్ళు బెంగళూరు ఎంఈజీలో (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) ఉంటారు, అది అలసూరు చెరువు పక్కనే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. మద్రాస్ రెజిమెంట్ వాళ్ళకి అయితే నీలగిరి కొండల్లో, కూనూర్ దగ్గర వెల్లింగ్టన్. కోయంబత్తూరు దాకా రైలు, అక్కణ్ణుంచి మెట్టుపాళయం మీదుగా ఘాట్ రోడ్డు. టాయ్ ట్రైన్ వెల్లింగ్టన్‌లో ఆగుతుంది కానీ పరేడ్ పొద్దున దాన్ని నమ్ముకోకండి, చాలా నెమ్మది, అది తిరుగు ప్రయాణంలో సరదాకి ఎక్కడానికి. చలి గురించి పెద్దవాళ్ళకి గట్టిగా చెప్పండి, మన కోస్తా వాళ్ళు స్వెట్టర్ అంటే నవ్వుతారు, పొద్దున్నే అక్కడ మెట్ల మీద కూర్చున్నాక నవ్వరు. అక్కడ పరేడ్ జరిగే చోటిని శ్రీనగేష్ బ్యారక్స్ అంటారు. జనరల్ శ్రీనగేష్ 1955 నుంచి 1957 దాకా ఆర్మీ చీఫ్, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా కూడా చేశారు. మా పెద్దనాన్నలాంటి వాళ్ళని తీసుకెళ్తే దారి పొడుగునా ఈ ఒక్క మాట మీదే కాలక్షేపం అయిపోతుంది.

నేవీ అయితే ఒడిశాలో ఐఎన్ఎస్ చిలికా, చెన్నై–హౌరా లైన్‌లో బాలుగావ్ స్టేషన్‌లో దిగాలి. అక్కడ అగ్నివీర్ల మొదటి పరేడ్ 2023 మార్చి 28న సూర్యాస్తమయం తర్వాత జరిగింది, అందులో 272 మంది అమ్మాయిలు ఉన్నారు. అంటే పరేడ్ అనగానే తెల్లవారుజామునే అనుకోకూడదు, సాయంత్రం పెడితే ఆ రాత్రికి బస ఎక్కడో కూడా చూసుకోవాలి. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి బెలగావి. ఆర్టిలరీకే నాసిక్ రోడ్‌లో ఇంకో సెంటర్ ఉంది, "ఆర్టిలరీ అంటే గోల్కొండే కదా" అని హైదరాబాద్ టికెట్ కొనేసేవాళ్ళూ ఉంటారు.

టికెట్లు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పరేడ్ తేదీ ఖాయంగా తెలిసేసరికి అంత టైమ్ ఉండకపోవచ్చు. నా సలహా, సుమారు తేదీ తెలియగానే బుక్ చేసేయండి, మారితే క్యాన్సిల్ చేసుకోండి, పోయేది కొద్దిపాటి ఛార్జీలే. తత్కాల్ మీద ఆశ పెట్టుకుని ముసలివాళ్ళని తీసుకెళ్ళే ధైర్యం చేయొద్దు. ముందురోజు మధ్యాహ్నానికల్లా ఆ ఊళ్ళో ఉండాలి, అదే రోజు తెల్లవారుజామున దిగే రైలు వద్దే వద్దు. రైలు గంట లేటైందని రివ్యూయింగ్ ఆఫీసర్ (పరేడ్ వందనం తీసుకునే పెద్ద అధికారి) ఆగడు. ఆయన వచ్చాక గ్యాలరీలోకి ఎవర్నీ వదలరు కూడా.

ఎవరెవరు వెళ్ళాలి

ఇది ఇంట్లో గొడవలు తెచ్చే విషయం కాబట్టి నేనే చెడ్డవాణ్ణవుతా. అమ్మా నాన్నా ముందు. చాలా సెంటర్లలో పరేడ్ అయ్యాక తల్లిదండ్రులకి గౌరవ్ పదక్ అని ఒక పతకం పెడతారు, అది వాళ్ళకి ఇచ్చేది, మేనమామకి కాదు. తర్వాత హిందీ వచ్చినవాళ్ళు ఒకరు. అంతే. చంటిపిల్లలు ఎండలో అన్ని గంటలు కూర్చోలేరు, ఏడుస్తారు, ఎత్తుకుని బయటికి పోవడానికి అక్కడ వీలుండదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మని తీసుకెళ్ళాలనే ఉంటే మీవాడికి ముందే చెప్పండి, మెట్లెక్కే పని లేకుండా కింద కుర్చీ దొరుకుతుందేమో కనుక్కుంటాడు. అడిగితే సాయం చేస్తారు, అడక్కపోతే ఎవరికీ తెలీదు.

అమెరికా నుంచి వచ్చిన బాబాయి కొడుకు నేనూ వస్తానంటే ఒకసారి ఆగండి. విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ మనిషి లెక్కలో విదేశీయుడే. ముందుగా అనుమతి లేకుండా గేటు దాకా తీసుకెళ్ళి అందరి టైమ్ పాడు చేసుకోవద్దు.

కాగితాలు

ప్రతి ఒక్కరికీ ఒరిజినల్ ఆధార్, పిల్లలకి కూడా, దాంతోపాటు రెండేసి జిరాక్సులు. ఫోన్‌లో చూపిస్తే చాలనుకోకండి, ఫోన్ బయటే పెట్టేయమంటే ఏం చూపిస్తారు? ఆహ్వానమో పాసో వాట్సాప్‌లో వస్తే ప్రింట్ తీయండి. సొంత కారు అయితే ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ పెట్టుకోండి. క్యాబ్ అయితే గేటు బయటే దిగిపోండి, డ్రైవర్ పేరు లిస్టులో ఉండదు కదా. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, కవర్‌ని ఇంట్లో ఎప్పుడూ ఏదీ పారేసుకోని మనిషికి ఇవ్వండి. ఆ మనిషెవరో మీ అందరికీ తెలుసు.

ఇంకో మాట. "సెంటర్ నుంచి మాట్లాడుతున్నాం, పాస్ కోసం ఇంత పంపండి, మీవాడికి సెలవు శాంక్షన్ కావాలంటే ఇంత అవుతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా పంపకండి. మీవాడి పేరు, ఊరు చెప్పినా నమ్మకండి. మళ్ళీ ఆదివారం వాణ్ణే అడగండి.

సంచిలో ఏముండాలి

తక్కువ. గేటు దగ్గర ప్రతి సంచీ తెరుస్తారు. చాకు, కత్తెర, లైటర్, అగ్గిపెట్టె, గుట్కా, సిగరెట్, మందు లాంటివి రూమ్‌లోనే వదిలేయండి. నాన్నగారి జేబు కూడా ఒకసారి చూడండి, నేను చూడలేదు, ఖైనీ పొట్లం బయటపడింది. మంచినీళ్ళు, బీపీ షుగర్ మందులు, టోపీ, ఏదైనా తినేది కొంచెం. మా అమ్మ రెండు కేజీల గాజు సీసాలో ఆవకాయ తెచ్చింది. జవాను మూత తీయించి, వాసన చూసి, నవ్వి పంపించాడు కానీ మూత సరిగ్గా బిగించలేదు మేము. మిగతా కథ నా తెల్ల చొక్కా చెబుతుంది. పచ్చళ్ళు, స్వీట్లు తేవాలంటే ప్లాస్టిక్ డబ్బాలో, అదీ వాడు మీతో బయటికి వస్తాడంటే రూమ్‌లోనే ఉంచండి, సాయంత్రం తింటాడు.

ఫోన్ల విషయం సెంటర్‌ని బట్టి ఉంటుంది, కొన్నిచోట్ల గేటు దగ్గరే పెట్టించుకుని టోకెన్ ఇస్తారు. అందుకే ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. మేము ఫోన్లు ఇచ్చేశాక నాన్న బాత్రూమ్‌కి వెళ్ళి దారి తప్పారు, ఆయనకి మా ఎవరి నంబరూ గుర్తులేదు, గుర్తున్నా చేయడానికి ఫోన్ లేదు. చివరికి ఒక హవల్దార్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించాడు.

లోపలికి ఫోన్ తేనిచ్చినా, ఫోటో ఎక్కడ తీయమంటే అక్కడే తీయండి. గేటు, కాపలా పోస్టులు, బండ్లు, బ్యారక్‌లు వద్దు. ఇవి 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందకి వచ్చే వ్యవహారాలు, సరదా కాదు. లోపల్నుంచి లైవ్, రీల్స్, లొకేషన్ పెట్టిన స్టేటస్, ఏదీ వద్దు. మీకు ఏం కాకపోవచ్చు, పిలిపించి అడిగేది మాత్రం మీవాణ్ణి. పరేడ్ ఫోటోలు తర్వాత సెంటర్ వైపు నుంచి దొరికే ఏర్పాటు ఉందేమో వాణ్ణే కనుక్కోమనండి.

ఆ పొద్దున

చెప్పిన టైమ్ కంటే గంట ముందు గేటు దగ్గర ఉండండి. లోపల కూర్చోబెట్టాక లేచి తిరగకండి. కొత్త చెప్పులు, జారిపోయే పట్టుచీరలు కాకుండా కాటన్ కట్టుకుంటే మీకే హాయి. ఒకే చోట రెండు మూడు గంటలు కూర్చోవాలి మరి.

బ్యాండ్ మొదలవుతుంది, దళాలు వస్తాయి, ఇక మీవాణ్ణి వెతకడం మొదలు. ఏడు నెలల సంగతి గుర్తుందా? అందరివీ ఒకటే టోపీ, ఒకటే యూనిఫామ్, ఒకటే ఎండకి కమిలిన రంగు, గడ్డాలు పైకెత్తి ఒకే వైపు చూపు. ఇంట్లో భుజం వంచి నడిచేవాడు అక్కడ అలా నడవడు, కాబట్టి నడకని బట్టి కూడా పట్టలేరు. అందుకే ఆదివారం స్థానం అడగమన్నది. నేను అడగలేదు. మొత్తం సేపూ మూడో వరసలో ఒకబ్బాయిని చూపించి అందరికీ "అడుగో" అన్నాను, నాన్న కళ్ళు తుడుచుకున్నారు కూడా. అమ్మ మాత్రం ఏం మాట్లాడకుండా వేరే దళం వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత తెలిసింది, వాడు అక్కడే ఉన్నాడట. చెవులు చూసి పోల్చుకున్నానంది.

ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. సావధాన్ అంటే కదలకుండా నిటారుగా, విశ్రామ్ అంటే కాస్త సడలించి. తేజ్ చల్ మామూలు కవాతు నడక, ధీరే చల్ ఆ నెమ్మది నడక, చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. దాహినే దేఖ్ అనగానే అందరి తలలూ ఒక్కసారి కుడికి తిరుగుతాయి, అది వేదిక మీది అధికారికి గౌరవం, మీవైపు చూశాడని చెయ్యి ఊపకండి, పేరు పెట్టి కేకేయకండి. కేకేస్తే వాడు తిరిగి చూడలేడు, ఆ రాత్రి బ్యారక్‌లో మాత్రం తోటివాళ్ళు ఏడిపిస్తారు. నిషాన్, అంటే రెజిమెంట్ పతాకం, మైదానంలోకి వచ్చేటప్పుడు లేచి నిలబడండి, జాతీయ గీతానికి ఎలాగూ నిలబడతారు. ఎప్పుడు లేవాలో అనుమానం వస్తే ముందు వరసలో యూనిఫామ్ వాళ్ళని చూసి చేయండి. ఆర్టిలరీలో పతాకం వెతక్కండి, వాళ్ళకి గన్నులే పతాకాలు, వాటికే ఆ గౌరవం.

ప్రమాణం దగ్గర మాత్రం మాటలు ఆపి వినండి. పండితుడు, మౌల్వీ, గ్రంథీ, ఫాదర్ పక్కపక్కన తమ గ్రంథాలతో నిలబడి ఉంటారు. నేల మీద, నీటి మీద, గాలిలో ఎక్కడికి పంపినా వెళ్తామని, ప్రాణానికి ముప్పున్నా ఆజ్ఞ పాటిస్తామని వందల గొంతులు ఒకేసారి అంటాయి. హిందీ రాని మా అమ్మ "ఏమంటున్నార్రా?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఇంకేం అడగలేదు. పక్కన ఎవరో ఒకరు అర్థం చెప్పేలా ఉండండి, లేదా ముందురోజే చెప్పి ఉంచండి, అక్కడ చెప్పడం కష్టం.

పరేడ్ అయ్యాక

పరుగెత్తుకుంటూ మైదానంలోకి దిగకండి. ఎక్కడ నిలబడాలో చెప్తారు, వాడే వస్తాడు. వచ్చి ముందు సెల్యూట్ కొడతాడో, కాళ్ళకి దండం పెడతాడో, నవ్వుతాడో, ఏడుస్తాడో చెప్పలేం. గౌరవ్ పదక్ పెట్టేటప్పుడు అమ్మ పట్టుచీర వేసుకుని ఉంటే పిన్ను గుచ్చడానికి తడబడతారు, అదొక కారణం కాటన్ కట్టుకోమనడానికి.

వాళ్ళ ఉస్తాద్‌ని, అంటే ట్రైనింగ్ ఇచ్చినాయన్ని, పరిచయం చేస్తాడు. ఇన్నాళ్ళూ ఫోన్‌లో వాడు తిట్టుకున్నది ఈయన్నే. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టండి, చాలు. కవర్‌లో డబ్బులు, ఖరీదైన బహుమతులు ఇవ్వబోకండి, ఆయన్ని ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది. "మావాణ్ణి మంచి చోట పోస్టింగ్ వేయించండి సార్" అని అసలే అనకండి. మా నాన్న అనేశారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు, తమ్ముడు రెండు రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. క్యాంటీన్ సామాను మీద కూడా ఆశ పెట్టుకోకండి, కార్డు లేనివాళ్ళకి అమ్మరు.

బయటికి వచ్చాక ఖర్చులన్నీ వాడే పెడతానంటాడు. పెట్టనివ్వండి, ఒక్క పూట భోజనం మటుకు. మొదటి ఏడాది నెలకి 30,000 అన్నా సేవానిధికి (నాలుగేళ్ళు అయ్యాక చేతికిచ్చే నిధి) 9,000 పోయి చేతికొచ్చేది 21,000.

ఇంటికి సెలవు మీద పంపిస్తుంటే గేటు దాటకముందే లీవ్ సర్టిఫికెట్ ఉందా, అందులో తిరిగి రిపోర్ట్ చేయాల్సిన తేదీ ఏది, ఏ ఊళ్ళో చేయాలి, ఈ మూడూ వాడితో చదివించుకోండి. చాలామంది అదే సెంటర్‌కి తిరిగి రావాలనుకుంటారు, కాగితంలో నేరుగా యూనిట్ పేరే ఉండొచ్చు, అది జమ్మూలో ఉండొచ్చు. ఏడాదికి 30 రోజుల సెలవే కాబట్టి ఇప్పుడు ఎన్ని రోజులు వాడేస్తున్నాడో కూడా లెక్క చూసుకోండి, సంక్రాంతికి మళ్ళీ రమ్మని ఒత్తిడి చేసేముందు. సెంటర్ నుంచే యూనిట్‌కి పోతుంటే నల్ల ట్రంకు పెట్టె, పరుపు చుట్ట వాడితోనే వెళ్తాయి, మీరు తెచ్చిన అరడజను డబ్బాలకి అందులో చోటుండదు.

సెలవు తేదీ తెలిసిన పూటే, ఆ గేటు బయట నిలబడే, వాడి తిరుగు ప్రయాణానికి రిజర్వేషన్ చేయండి. ఇంటికెళ్ళాక తీరిగ్గా చేద్దాంలే అనుకున్నాను నేను. వెయిటింగ్ లిస్టు కదల్లేదు, మావాడు ట్రంకు పెట్టె మీదే కూర్చుని, జనరల్ బోగీలో ఒకటిన్నర రోజు ప్రయాణం చేశాడు.